ఐదువందలవారు, పెక్కండ్రు, నానాదేశులు: మధ్యయుగ వర్తక సంఘాల పేర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రూప్స్‌కి చదివే పిల్లల దగ్గర్నుంచి ఇంటిపేరు పుట్టుక వెతుక్కునే పెద్దవాళ్ల దాకా ఈ విషయం మీద తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. నా జవాబులు ఇవి. హద్దు ముందే చెప్పేస్తాను: చోటు దక్షిణ భారతం, కాలం సుమారు 8వ శతాబ్దం నుంచి విజయనగర రాజుల దాకా. ఐరోపా గిల్డుల గురించి ఒకే ఒక్క ప్రశ్న ఉంది, అదీ పేరు కోసమే.

"అయ్యావళి ఐదువందలు" అంటే ఎవరు?

పరీక్షల్లో ఎక్కువగా కనిపించే పేరు ఇదే. మధ్యయుగంలో దక్షిణాది అంతటా, సముద్రం దాటి శ్రీలంక, సుమత్రా, బర్మా దాకా వ్యాపారం చేసిన వర్తకుల పెద్ద కూటమి ఇది. కన్నడ శాసనాల్లో "అయ్యావొళె ఐనూర్వరు", తమిళంలో "ఐన్నూఱ్ఱువర్" అంటారు. తమిళంలోనే ఇంకా ఘనమైన పేరు ఒకటుంది: "తిసై ఆయిరత్తు ఐన్నూఱ్ఱువర్". తిసై అంటే దిశ. వెయ్యి దిక్కుల ఐదువందలవారు అన్నమాట.

అయ్యావళి అంటే ఇప్పటి ఐహోలు. కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లా, మలప్రభ నది ఒడ్డు. రెండో పులకేశి కాలంలో, 634లో, రవికీర్తి రాసిన ప్రశస్తి శాసనం ఉన్న ఊరు అదే. ఆ పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడే వేంగికి వచ్చి తూర్పు చాళుక్య వంశానికి మూలపురుషుడయ్యాడు. కాబట్టి ఐహోలు మనకు మరీ పరాయి ఊరేమీ కాదు.

ఐదువందలంటే లెక్కబెట్టి ఐదువందలమందేనా?

కాదు. "నలుగురూ ఏమనుకుంటారు?" అని మన ఇళ్లలో అంటే ఆ నలుగురు ఎవరెవరని ఎవరూ లెక్కపెట్టరు. "పదిమందిలో పరువు పోయింది" అన్నా అంతే. ఇక్కడ ఐదువందలు కూడా అలాంటిదే, ఒక సమూహానికి స్థిరపడిపోయిన పేరు. కావేరి ఒడ్డున ఉన్నవాళ్లూ ఐదువందలవారే, సుమత్రాలో ఉన్నవాళ్లూ ఐదువందలవారే. నిజంగా లెక్క అయితే ఇన్నిచోట్ల ఒకేసారి ఎలా ఉంటారు?

మరి ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది. ఐహోలులో ఐదువందలమంది మహాజనుల సభ ఉండేదని అక్కడి పాత శాసనాలు చెబుతాయి. మహాజనులంటే అగ్రహారం వ్యవహారాలు నడిపే బ్రాహ్మణ పెద్దలు. ఆ ఊరి సభకు ఉన్న పేరు, పరువు తర్వాత వర్తకుల కూటమికి అంటుకున్నాయి. బ్రాహ్మణ సభ వర్తక సంఘంగా ఎలా మారిందన్నది మాత్రం పండితులు ఇప్పటికీ వాదించుకునే సంగతి. మహాజనుల డబ్బు వ్యాపారంలోకి వెళ్లి ఉండొచ్చని కొందరంటారు. ఊరి దేవత ఆశీస్సులున్న ప్రతిష్ఠ గల పేరు గనుక వర్తకులు దాన్ని తీసుకున్నారని ఇంకొందరంటారు. నాకు రెండోదే నచ్చుతుంది. ఎందుకంటే ఈ వర్తకులు తమను తాము ఐహోలు పరమేశ్వరి బిడ్డలమని చెప్పుకున్నారు. ఐహోలు గడప తొక్కనివాళ్లు కూడా అలాగే చెప్పుకున్నారు. ఇంకా విచిత్రం, కర్ణాటకలో కొన్ని వ్యాపార పట్టణాలు "దక్షిణ అయ్యావళి" అని బిరుదు కూడా తగిలించుకున్నాయి. ఊరి పేరు బ్రాండ్ అయిందన్నమాట.

"గిల్డ్" అనే మాట ఎక్కడిది? మన సంఘాలకు అది సరిపోతుందా?

గిల్డ్‌కి మూలం పాత ఇంగ్లిష్‌లో "గీల్డ్", అంటే చెల్లింపు. జర్మన్‌లో డబ్బుని "గెల్ట్" అంటారే, అదీ ఈ కుటుంబం మాటే. సభ్యులంతా కలిసి డబ్బు వేసుకుని నడిపే సంఘం కాబట్టి ఆ పేరు. ఉత్తర ఐరోపా వర్తకుల "హన్సా"కి మొదటి అర్థం గుంపు, దండు.

వ్యాపార సంఘం అన్న అర్థంలో వాడుకోవడానికి ఇబ్బంది లేదు. కానీ ఐరోపా గిల్డ్ ఎక్కువగా ఒక ఊరికి కట్టుబడిన సంస్థ. ఆ ఊళ్లో ఎవరు అమ్మాలి, ఎవరు అమ్మకూడదు అన్నది దాని చేతిలో ఉండేది. మన ఐదువందలవారు ఏ ఒక్క ఊరికీ కట్టుబడలేదు.

పాఠ్యపుస్తకాల్లో "వర్తక శ్రేణులు" అని ఉంటుంది కదా. అది తప్పా?

తప్పనలేను, కానీ నాకు తృప్తి లేదు. శ్రేణి అంటే వరుస. బౌద్ధ జాతకాల్లో, ధర్మశాస్త్రాల్లో, నాసిక్ లాంటి చోట్ల దొరికిన శాసనాల్లో ఈ మాట ఉంది. అక్కడ ఎక్కువగా ఒకే వృత్తి చేసేవాళ్ల సంఘం అని అర్థం: నేతగాళ్ల శ్రేణి, నూనె తీసేవాళ్ల శ్రేణి. అంతకన్నా పాతకాలంలో మన భట్టిప్రోలు ధాతుకరండాల (అస్థికలు దాచిన పెట్టెల) మీదే "నెగమ", "గోఠి" అన్న ప్రాకృత పదాలు కనిపిస్తాయి. నిగమం, గోష్ఠి అన్నమాట. భట్టిప్రోలు శాసనాలు క్రీస్తుకు పూర్వానివి, కాబట్టి కలిసికట్టుగా దానం చేసే అలవాటు మన గడ్డ మీద ఎంత పాతదో చూడండి.

కానీ మధ్యయుగానికి వచ్చేసరికి వర్తకులు తమను తాము శ్రేణి అని పిలుచుకోవడం దాదాపు మానేశారు. నకరం, సమయం, పెక్కండ్రు, నానాదేశి లాంటి పేర్లు వాడారు. అన్నిటినీ శ్రేణి అన్న ఒక్క గంపలో పోసేస్తే ఆ పేర్లు చెప్పే సంగతులన్నీ పోతాయి. పరీక్షలో శ్రేణి అనే రాయండి, మార్కులు పోగొట్టుకోవద్దు. కానీ శాసనం చదివేటప్పుడు వాళ్లు పెట్టుకున్న పేరుతోనే చూడండి.

తెలుగు శాసనాల్లో వీళ్లనేమన్నారు?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేరు "పెక్కండ్రు". పెక్కు అంటే చాలా, పెక్కండ్రు అంటే చాలామంది. ఇంతకన్నా సాదా పేరు ఉంటుందా? రాజులు అరపేజీ బిరుదులు చెక్కించుకుంటున్న కాలంలో, రాజులకే అప్పులివ్వగల వర్తకులు తమ సంఘానికి "చాలామంది" అని పేరు పెట్టుకున్నారు. కాకతీయుల కాలపు శాసనాల్లో "ఉభయ నానాదేశి పెక్కండ్రు" అన్న మాట తరచుగా వస్తుంది.

రెండోది "నకరం". నగరం అన్న మాటకు రూపాంతరమే. నగరమంటే మనకు సిటీ. వాళ్ల వాడుకలో అంగడి ఉన్న పట్టణంలోని స్థానిక వర్తకుల సభ కూడా నకరమే. తమిళంలో "నగరత్తార్" అన్నా ఇదే. ఊళ్లో దుకాణాలున్నవాళ్లు నకరం, దేశాలు తిరిగేవాళ్లు పెక్కండ్రు అని మొదటి మెట్టుగా గుర్తుపెట్టుకోవచ్చు. శాసనాలన్నిటికీ ఈ గీత సరిపోదు, ఒకే దానపత్రంలో ఇద్దరూ కలిసి కనిపించే సందర్భాలు చాలా ఉన్నాయి.

మూడోది "సమయం". ఇక్కడ గడియారం గుర్తుకు రాకూడదు. సంస్కృతంలో సమయమంటే కట్టుబాటు, అందరూ ఒప్పుకున్న ఒడంబడిక. ఆ అర్థం మన దగ్గర పూర్తిగా పోలేదు, "కవిసమయం" అన్న మాటలో మిగిలింది. చకోరం వెన్నెల తాగుతుందని కవులంతా కలిసి ఒప్పుకున్నట్టే, తూకాలు ఇలా ఉండాలి, గుడికి ఇంత ఇవ్వాలి, మాట తప్పినవాడిని వెలివేయాలి అని వర్తకులంతా కలిసి ఒప్పుకున్నారు. ఆ ఒప్పందమే వాళ్ల సంఘం, సంఘానికి పేరు కూడా అదే.

స్వదేశి, పరదేశి, నానాదేశి: ఈ మూడూ వేర్వేరు సంఘాలా?

విడివిడి ఆఫీసులు, విడివిడి బోర్డులు ఉన్న మూడు సంస్థలని అనుకోవద్దు. సొంత ప్రాంతంలో వ్యాపారం చేసేవాడు స్వదేశి, బయటి నుంచి వచ్చినవాడు పరదేశి, అనేక దేశాలు తిరిగేవాడు నానాదేశి. ఒక సంతలో ముగ్గురూ ఒకే చెట్టు కింద కూర్చుని దానం రాయించవచ్చు. "ఉభయ" అన్న మాట స్వదేశి, పరదేశి ఇద్దరినీ కలిపి చెప్పడానికే.

ఇందులో నానాదేశి అన్న పేరు చాలా దూరం వెళ్లింది. బర్మాలోని పగాన్‌లో 13వ శతాబ్దపు శాసనం ఒకటి ఉంది. శ్లోకం సంస్కృతం, మిగతాది తమిళం. కేరళలోని మహోదయపురం నుంచి వచ్చిన ఒక వ్యాపారి అక్కడి విష్ణు ఆలయానికి మండపం కట్టించి దీపం పెట్టించాడని ఉంది. ఆ గుడి పేరు "నానాదేశి విణ్ణగర్". విణ్ణగర్ అంటే విష్ణువు ఇల్లు. బౌద్ధ రాజ్యంలో, కేరళ మనిషి, తమిళ రాతతో, పలుదేశాల వాళ్ల పేరున్న గుడిలో దీపం పెట్టించడం చూస్తే నానాదేశి అన్నది ఉత్త బిరుదు కాదని తెలుస్తుంది.

"వీర బలంజ" అంటే ఏమిటి? ఇప్పటి బలిజ కులానికి సంబంధం ఉందా?

సంస్కృతంలో "వణిజ్" అంటే వర్తకుడు. దాని నుంచి వచ్చినవే కన్నడలో బణంజు, బణజిగ, తమిళంలో వలంజియర్, శాసనాల్లో కనిపించే బలంజ. ఐదువందలవారు పాటించే ధర్మం "వీర బణంజు ధర్మం". అంటే వీరవర్తకుల నీతి. వర్తకానికి వీరత్వం ఎందుకో కింద చెబుతాను.

బలిజ అన్న మాట కూడా ఈ కుటుంబానిదేనని భాషావేత్తలు ఎక్కువమంది అంటారు. మాటకు ఉన్న సంబంధం అంతే. కానీ "మా కులమే ఆ సంఘం" అని ఎవరైనా అంటే మాత్రం జాగ్రత్త. 11వ శతాబ్దపు ఐదువందలవారిలో సెట్లు, గవర, గాత్రిగ లాంటి వర్గాలవాళ్లు, గావుండులనే ఊరిపెద్దలు, కావలి భటులు అందరూ ఉన్నారు. వైష్ణవులు, శైవులు, జైనులు ఉన్నారు. ఇప్పటి ఏ ఒక్క కులానికీ దాన్ని పట్టా రాసివ్వలేం. ఇది చెప్పినప్పుడల్లా నాకు రెండు మూడు కోపం మెసేజ్‌లు వస్తాయి, ఈసారీ వస్తాయి.

మణిగ్రామం అంటే మణుల వ్యాపారుల ఊరా?

వినడానికి అలాగే ఉంది, కానీ కాదు. "వణిక్ గ్రామం" నోళ్లలో నలిగి మణిగ్రామం అయింది. గ్రామమంటే ఇక్కడ ఊరు కాదు, గుంపు. వర్తకుల గుంపు, అంతే. మొదట్లో కొందరు పండితులు ఈ పేరులో మానీ మతాన్ని కూడా వెతికారు. పర్షియా నుంచి వచ్చిన మానీ శిష్యుల గ్రామమేమోనని! ఊహకు హద్దేముంది.

థాయ్‌లాండ్‌లో తకువాపా అనే చోట 9వ శతాబ్దపు తమిళ శాసనం దొరికింది. అక్కడ తవ్వించిన "అవనినారణం" అనే చెరువును మణిగ్రామం వాళ్ల రక్షణలో పెట్టారని అందులో ఉంది. అవనినారణుడు పల్లవ మూడో నందివర్మ బిరుదు. పరాయి దేశంలో నీటి చెరువు, దానికి మన రాజు పేరు, కాపలాకు వర్తక సంఘం!

మరి అంజువణ్ణం? "ఐదు రంగులు" అనా?

అలాగే చాలాకాలం అనుకున్నారు. తమిళ మలయాళాల్లో అంజు అంటే ఐదు, వణ్ణం అంటే రంగు లేదా వర్ణం. ఐదు వర్ణాల వృత్తులవాళ్లని వ్యాఖ్యానాలు కూడా పుట్టాయి. అసలు సంగతి వేరు. పర్షియన్‌లో "అంజుమన్" అంటే సమావేశం, సంఘం. హైదరాబాద్ వాళ్లకు ఈ మాట కొత్త కాదు, ఉర్దూ సంస్థల బోర్డుల మీద రోజూ చూస్తారు. కొంకణ తీరపు శాసనాల్లో అదే మాట "హంజమాన" అయింది, కేరళ తీరంలో "అంజువణ్ణం" అయింది. పడమటి సముద్రం మీదుగా వచ్చిన యూదులు, పర్షియన్ క్రైస్తవులు, అరబ్బులు, పార్సీల వర్తక కూటాలకు ఇది పేరు. చెవికి అర్థంకాని పరాయి మాట వస్తే జనం దాన్ని తమ భాషలో అర్థమయ్యే మాటగా మార్చేసుకుంటారు. ఇక్కడా అదే జరిగింది.

849లో కొల్లంలో రాయించిన తరిసాపళ్లి రాగిరేకులు దీనికి మంచి సాక్ష్యం. స్థాణు రవి అనే చేర రాజు కాలంలో వేణాడు పాలకుడు అయ్యన్ అడిగళ్ అక్కడి చర్చికి హక్కులిచ్చాడు. ఆ హక్కుల రక్షణ అంజువణ్ణం, మణిగ్రామం సంఘాలకు అప్పగించారు. చివరి సాక్షి సంతకాలు కూఫీ లిపిలో అరబ్బీ, పహ్లవీ లిపిలో మధ్య పర్షియన్, హీబ్రూ లిపిలో పర్షియన్! ఒక్క దస్తావేజు మీద ఇన్ని లిపులు.

మన రేవుల్లో ఈ సంఘాల జాడ ఎక్కడ ఉంది?

ఎక్కువ జాడ మోటుపల్లిలోనే. ఇప్పుడు బాపట్ల జిల్లాలో, చినగంజాం వైపు, సముద్రం దగ్గరి చిన్న పల్లె. కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే 1244లో, ఇక్కడ అభయశాసనం వేయించాడు. అందులోని విషయం క్లుప్తంగా ఇది. పూర్వపు రాజులు గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కునేవారు. మేము మాత్రం ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, న్యాయమైన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాం. ఆ సుంకం ఎగుమతుల మీద, దిగుమతుల మీద ముప్పైకి ఒకటి. గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, పట్టు, మిరియాలు, పోకచెక్కలు, ఇలా సరుకుల వారీగా రేట్లు కూడా చెక్కించాడు.

దయ, కీర్తి సరే. వ్యాపారబుద్ధి కూడా ఉందని నా అభిప్రాయం. ఓడ పగిలితే దోచుకునే రేవుకు ఓడలు రావు. దోచుకుంటే ఒకసారి లాభం, ముప్పైకి ఒకటి చొప్పున వసూలు చేస్తే ఏటా లాభం. ఈ లెక్క గణపతిదేవుడికి తెలుసు. తర్వాత 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి కూడా ఇదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ భరోసా ఇస్తూ శాసనం వేయించాడు.

పేర్ల గురించి కదా మాట్లాడుకుంటున్నాం, అసలు సంగతి ఇక్కడుంది. శాసనాల్లో మోటుపల్లికి ఇంకో పేరు ఉంది: "దేశియుయ్యకొండ పట్టణం". తమిళంలో ఉయ్యక్కొండ అంటే ఉద్ధరించిన, కాపాడిన అని. దేశి అంటే నానాదేశి వర్తకులు. ఇప్పుడు మోటుపల్లి నుంచి తిన్నగా బంగాళాఖాతం దాటి సుమత్రా పడమటి తీరంలోని బారుస్‌కు వెళ్దాం. కర్పూరానికి పేరుపడ్డ రేవు. అక్కడ లోబు తువా అనే చోట 1088 నాటి తమిళ శాసనం దొరికింది. వేయించింది వెయ్యి దిక్కుల ఐదువందలవారు. వచ్చే ఓడలవాళ్లు కస్తూరి ధర లెక్కన ఇంత బంగారం చెల్లించాకే లోపలికి అడుగుపెట్టాలని తీర్మానం. ఆ శాసనంలో ఆ రేవు పేరు చివర ఏముందో చూడండి: "తేసి ఉయ్యక్కొండ పట్టినం". మోటుపల్లి పేరే! సముద్రానికి అటూ ఇటూ ఉన్న రెండు రేవులకు ఒకే సంఘం ఒకే పేరు పెట్టుకుంది. మొదటిసారి ఈ రెండూ పక్కపక్కన చూసినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మోటుపల్లి ఒక్కటే కాదు. చోళుల కాలంలో విశాఖపట్నానికి కులోత్తుంగచోళపట్టణం అన్న పేరు ఉండేది, 11వ శతాబ్దం చివరి శాసనాల్లో అక్కడ కూడా ఐదువందలవారి పేరు కనిపిస్తుంది. ఇక 13వ శతాబ్దం చివర్లో వచ్చిన మార్కోపోలో "ముత్‌ఫిలి" అని రాసింది మోటుపల్లినే. అక్కడ ఒక రాణి పాలిస్తోందని, వజ్రాలు దొరుకుతాయని, సాలెగూడు లాంటి సన్నబట్ట నేస్తారని రాశాడు. ఆ రాణి రుద్రమదేవే.

వర్తకులకు సొంత సైన్యం ఉండేదా?

రాజులకున్నట్టు సైన్యం కాదు, సాయుధ భటులు ఉండేవారు. అడవి దారుల్లో ఎద్దుల బిడారు నడిపించాలంటే కత్తి లేకుండా కుదరదు. ఆ భటులను ఎఱివీరులు అన్నారు. సంఘం రక్షణలో ఉన్న పట్టణం "ఎఱివీరపట్టణం". మదనపల్లె దగ్గర బాసినికొండలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. అక్కడి 11వ శతాబ్దపు తమిళ శాసనం ప్రకారం ఐదువందలవారు కూడి, శిరవల్లి అనే ఊరిని నానాదేశి ఎఱివీరపట్టణంగా మార్చారు. ఊరికి హోదా ఇచ్చింది రాజు కాదు, వర్తకులు.

పై ప్రశ్నలో వదిలేసిన వీరత్వం సంగతి ఇదే. కర్ణాటకలోని బళ్లిగావెలో 1055 నాటి శాసనం వీళ్ల గొప్పలు చెబుతుంది. చేర, చోళ, పాండ్య, మగధ, సౌరాష్ట్ర, పారస, నేపాల దేశాలన్నీ తిరిగినవాళ్లట. నేలదారిలో, నీటిదారిలో, ఏనుగులు, గుర్రాలు, నీలాలు, ముత్యాలు, కెంపులు, ఏలకులు, లవంగాలు, గంధం, కస్తూరి అమ్మేవాళ్లట. కొందరు టోకున అమ్ముతారు, కొందరు భుజాన వేసుకుని తిరిగి అమ్ముతారు. ఆకాశమే గొడుగు, సముద్రమే అగడ్త, కుబేరుడే కోశాధికారి అని వర్ణన. అన్నిటి మధ్య ఆ భుజాన మోసుకుని అమ్మేవాడి ప్రస్తావనే నాకు ముద్దొస్తుంది. ఇన్ని గొప్పల మధ్య ఊరూరా తిరిగే చిల్లర వ్యాపారిని వదిలేయలేదు.

వీళ్లు కూర్చుని ఏం తీర్మానించేవారు?

మిగిలిన శాసనాల్లో ఎక్కువ భాగం గుడికి ఇవ్వాల్సిన మొత్తం గురించే. సరుకు మీద ఇంత చొప్పున తమకు తామే వేసుకునే పన్ను అది. తమిళంలో మగమై, తెలుగులో మగమ. తమిళనాడులో పిరాన్‌మలైలో ఉన్న 13వ శతాబ్దపు శాసనం చదివితే సంత మధ్యలో నిలబడ్డట్టు ఉంటుంది: ఉప్పు, బియ్యం, మిరియాలు, పసుపు, శొంఠి, పత్తి, ఇనుము, నూలు, మైనం, తేనె, గంధం, పన్నీరు, గుర్రాలు, ఏనుగులు. బస్తాకి ఇంత, ఎద్దు బరువుకి ఇంత, తలమోతకి ఇంత అని లెక్క. గుడికి దానం కాబట్టి రాతి మీద ఎక్కింది. గుడితో సంబంధం లేని తగాదాలు, అప్పులు, దివాళాలు తాటాకుల మీద ఉండి ఉంటాయి, చెదలకు పోయాయి. అందుకే శాసనాలు మాత్రమే చదివితే వీళ్లంతా పరమభక్తులనిపిస్తుంది.

పనిని బట్టి పేరున్న సంఘాలు లేవా?

ఉన్నాయి. మన బెజవాడ తెలికివారు. తెలికివారంటే నూనె తీసేవాళ్లు. వాళ్లను "తెలికి వేవురు" అన్నారు, ఇదీ సంఖ్య పేరే, వెయ్యి కుటుంబాలని. కులోత్తుంగచోళుడి కొడుకు, వేంగిని పాలించిన రాజరాజ చోడగంగు 1086 ప్రాంతంలో ఇచ్చిన తేకి రాగిశాసనంలో వీళ్లకిచ్చిన మర్యాదలు ఉన్నాయి. పెళ్లిలో వధూవరులు గుర్రమెక్కి వీధుల్లో ఊరేగవచ్చు. పెళ్లయ్యాక రాజు పాదాల దగ్గర బట్టల జత పెట్టి మొక్కితే బంగారు పళ్లెంలో తాంబూలం ఇస్తారు. పన్ను మాఫీ కాదు, భూమి కాదు, పెళ్లి ఊరేగింపుకి గుర్రం! డబ్బున్నవాడికి నలుగురిలో కనిపించడమే కావాలి. ఇప్పటి పెళ్లిళ్లు చూస్తే ఆ కోరిక ఎంత పాతదో తెలుస్తుంది.

సెట్టి, బేరం లాంటి మాటలు ఆ కాలానివేనా?

అంతకన్నా పాతవి. శ్రేష్ఠి ప్రాకృతంలో సెట్ఠి, తెలుగులో సెట్టి, తమిళంలో చెట్టి అయింది. వ్యవహారం బేహారమై, బేహారం బేరమైంది. వ్యవహారి బేహారి అయ్యాడు. కూరగాయల దగ్గర బేరమాడేటప్పుడు మీరు మాట్లాడుతున్నది సంస్కృతమే.

ఈ సంఘాలు ఎందుకు కనిపించకుండా పోయాయి?

ఒక రోజున మూతపడలేదు. 14వ శతాబ్దం తర్వాత కూడా విజయనగర శాసనాల్లో నానాదేశి, పెక్కండ్రు అన్న పేర్లు వస్తూనే ఉంటాయి. కానీ బరువు తగ్గింది. కాకతీయ, హొయ్సళ, పాండ్య రాజ్యాలు కొద్ది దశాబ్దాల తేడాలో కూలాయి. వర్తకుల్లో కొందరు పెద్ద ధనవంతులు సొంతంగా రాజులతో వ్యవహరించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు తమ పత్రం లేని ఓడను సముద్రం మీద తిరగనివ్వలేదు. బలమైన కారణం ఏది అని అడిగితే, రెండోదే అంటాను. కలిసి ఉంటేనే లాభం అన్నంతకాలం సమయం నిలుస్తుంది. ఒక్కడే రాజును పట్టుకోగలిగినప్పుడు ఐదువందలమందితో పనేముంది?

ఈ శాసనాలు ఇప్పుడు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

మోటుపల్లి అయితే వీరభద్రస్వామి గుడికి వెళ్లాలి. చీరాలలో దిగి వెళ్లొచ్చు. పొద్దున్నే వెళ్లండి. ఏటవాలు ఎండలో చెక్కిన అక్షరాల నీడ పడి చదవడానికి వీలుగా ఉంటుంది, మధ్యాహ్నం రాయి తప్ప ఏమీ కనపడదు. అక్షరాల మీద సుద్ద పూయొద్దు, నీళ్లు పోయొద్దు, పక్క నుంచి టార్చి వేస్తే చాలు. ఐహోలుకు బాదామి నుంచి బస్సులున్నాయి, పట్టదకల్లు కూడా అదే దారిలో చూసుకోవచ్చు. బారుస్ రాయి మాత్రం దొరికిన చోట లేదు, జకార్తా మ్యూజియంలో ఉంది.